శిక్ష ముగిసింది సరే, తుపాకీ మాటేమిటి?

అనంతపురం: వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు, అడవి గట్లకు దగ్గరగా వున్న పల్లెల్లో మగవారు ఇళ్ళలో పడుకోవడం మానేస్తారు. చేను మధ్యలో మంచె, చేతిలో టార్చిలైటు, పక్కన వాయించడానికి ఖాళీ డబ్బా. అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగిందంటే తెల్లవారేసరికి ఆ చెక్క దున్నినట్టు వుంటుంది. డబ్బా మోతకు రెండు రోజులు బెదిరిన పందులు మూడో రోజు నుంచి దాన్ని ఖాతరు చేయవు. టపాసులదీ అదే కథ. అప్పుడు రచ్చబండ మీద తుపాకీ మాట వస్తుంది. ఆ వెంటనే ఎవరో ఒకరు, 'కేసులో శిక్ష పడినవాడికి తుపాకీ ఎవరిస్తారు?' అని ఆ మాటను అక్కడే తుంచేస్తారు.

కేసు, వాయిదా, బెయిలు, జైలు అన్న మాటలు రాయలసీమ పల్లెలకు కొత్త కావు. ముఠా కక్షల్లో శిక్ష పడినవారు కొందరైతే, గట్టు తగాదాలోనో, నీళ్ళ తగాదాలోనో కట్టె ఎత్తి జైలు చూసి వచ్చినవారు మరికొందరు. వీరంతా ఒకే గాటన కట్టబడ్డారు. ఒకసారి జైలుకు పోతే జన్మలో తుపాకీ ముట్టరాదని కొందరి నమ్మకం. అయిదేళ్ళు గడిస్తే తుపాకీ తమ హక్కేనని మరికొందరి వాదన. చట్టం చూస్తే ఈ రెండు మాటలూ తప్పే.

సెక్షను ఏమంటోంది?

1959 ఆయుధాల చట్టంలో 9వ సెక్షన్ వుంది. హింసతో కూడిన నేరంలోగాని, నైతిక పతనం కిందికి వచ్చే నేరంలోగాని ఎంతకాలమైనా సరే జైలుశిక్ష పడినవాడు, ఆ శిక్ష ముగిసిన తర్వాత అయిదేళ్ళ వరకు తుపాకీని గాని, తూటాలను గాని సంపాదించరాదు, దగ్గర వుంచుకోరాదు, పట్టుకుని తిరగరాదు. అటువంటివాడని తెలిసి అతనికి అమ్మినవారిదీ తప్పే అవుతుంది. నిషేధం ఇంతవరకే. 'జీవితాంతం' అన్న మాట ఆ సెక్షనులో లేదు.

ఇందులో ప్రతి మాటకూ విలువ వుంది. ముందుగా 'జైలుశిక్ష' అన్న మాట. కోర్టు జరిమానాతో సరిపెడితే ఈ నిషేధం తగలదు. తగాదా కేసుల్లో మొదటిసారి తప్పు చేసినవారిని, వయసు, నడవడిక చూసి, శిక్ష వేయకుండా మంచి నడతకు బాండు రాయించుకుని వదిలిపెట్టే వీలు 1958 నాటి ప్రొబేషన్ చట్టం కోర్టులకు ఇచ్చింది. అలా విడుదలైనవారికి, నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. తీర్పు రోజున ప్లీడరు గుమాస్తా 'వదిలేశారులే' అన్న ఒక్క ముక్క చెప్పి పంపిస్తే, తనను వదిలేసింది ఏ చట్టం కిందో తెలియకుండానే ఇంటికి వచ్చినవారు పల్లెల్లో వుంటారు. ఆ తీర్పు కాగితం బయటికి తీసి చదివించుకుంటే సగం సందేహం తీరుతుంది.

రెండోది 'నైతిక పతనం'. ఈ మాటకు అర్థం ఏమిటో ఆయుధాల చట్టంలో ఎక్కడా రాయలేదు. 1996లో పవన్ కుమార్ అనే హర్యానా చిరుద్యోగి కేసులో సుప్రీంకోర్టు దీన్ని విచారించింది. బహిరంగ స్థలంలో అసభ్యంగా ప్రవర్తించాడన్న సెక్షను కింద అతనికి పడింది 20 రూపాయల జరిమానా. దాని పేరుమీద ఉద్యోగం పోయింది. స్వభావంలోనే నీచమైన, హేయమైన పనికే ఆ ముద్ర వర్తిస్తుందని, ప్రతి చిన్న శిక్షనూ అందులో కలపడానికి వీల్లేదని కోర్టు చెప్పి అతనికి న్యాయం చేసింది. అది ఉద్యోగం కేసే అయినా, అర్థం తేల్చుకోవడానికి తుపాకీ దరఖాస్తుదారుకూ అక్కరకు వస్తుంది.

మూడోది లెక్క. గట్టు తగాదాలో కట్టెతో కొట్టిన కేసులో ఒక రైతుకు ఏడాది జైలు పడిందనుకుందాం. అతడు శిక్ష పూర్తిచేసుకుని 2015 ఆగస్టులో బయటికి వస్తే నిషేధం 2020 ఆగస్టుతో తీరిపోతుంది. అదే రైతు అప్పీలు చేసుకుని బెయిలుమీద బయట వుంటే ఈ లెక్క కుదరదు. శిక్ష ఆగింది తప్ప ముగియలేదు. పదేళ్ళు బయట తిరిగినా, అప్పీలు కొట్టేసి జైలుకు పంపితే, అది అనుభవించి వచ్చిన తర్వాతే అయిదేళ్ళు మొదలవుతాయి. అప్పీలులో నిర్దోషి అని తేలితే మాత్రం ఆ శిక్ష పేరుమీద నిషేధం అసలే వుండదు. తీర్పు తేదీ నుంచి అయిదేళ్ళు లెక్కపెట్టుకునేవారు పొరబడుతున్నది ఇక్కడే. యావజ్జీవ ఖైదీల సంగతి ఇంకా చిక్కు. యావజ్జీవమంటే మిగిలిన జీవితమంతా అని గోపాల్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. మిగిలిన శిక్షను ప్రభుత్వం మాఫీ చేస్తూ ఉత్తర్వు ఇస్తే తప్ప ఆ శిక్షకు ముగింపు లేదు. పెరోలు మీద వచ్చిన రోజులు విడుదల కిందికి రావు.

బైండోవరు తంటా

శిక్ష పడనివాడిని కూడా ఈ 9వ సెక్షన్ పట్టుకునే దారి ఒకటి వుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. శాంతికి భంగం కలిగించననిగాని, మంచి నడతతో వుంటాననిగాని బాండు రాసి ఇవ్వవలసిందిగా ఉత్తర్వు అందుకున్నవాడు, ఆ బాండు గడువు తీరేదాకా తుపాకీ వుంచుకోరాదు. పల్లెటూళ్ళలో దీన్నే బైండోవరు అంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107, 110 సెక్షన్లుగా ఊరూరా నోట నానినవి, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 126, 129 అయ్యాయి. పోలీసులు పంపిన జాబితాను బట్టి తాసీల్దారు ముందు హాజరై సంతకం పెట్టడం మాత్రం మారలేదు.

శాంతిభద్రతల బాండుకు గడువు ఏడాది దాటదు. అలవాటు నేరగాళ్ళని భావించేవారికి మూడేళ్ళ వరకు పోవచ్చు. చూడడానికి ఇది స్వల్పమే. అయితే మనకు అసెంబ్లీ ఎన్నికలు, పంచాయతీ ఎన్నికలు, మండల పరిషత్తు ఎన్నికలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే వుంటాయి. పాత జాబితా తిరగేసి అవే పేర్లు మళ్ళీ రాస్తే, శిక్ష ఏనాడో తీరిన మనిషికి కూడా ఆ నిషేధం కొత్తగా మొదలవుతుంది. బైండోవరుకు పోయి రావడాన్ని సంతకు పోయి వచ్చినట్టుగా తీసుకునే పెద్దమనుషులు, ఆ కాగితం మీద ఏముందో చదివించుకోకుండానే వేలిముద్ర వేయడం మామూలే.

లైసెన్సు వున్నవారికి ఎన్నికలప్పుడు ఇంకో పని. ఆయుధం పోలీస్ స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. పైరు కాపుకు వచ్చిన రోజుల్లోనే ఎన్నికలు వస్తే, పంట కాపలా తుపాకీ పోలీస్ స్టేషనుకు కాపలా కాస్తుంది.

అయిదేళ్ళు తీరిన తర్వాత

నిషేధం తీరిందంటే లైసెన్సు వచ్చిందని అర్థం కాదు. దరఖాస్తు అందగానే కలెక్టరు దగ్గరలోని పోలీస్ స్టేషను నుంచి నివేదిక తెప్పించుకుంటారు. చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఏ కారణం చేతనైనా దరఖాస్తుదారు తగినవాడు కాదని నమ్మితే లైసెన్సు నిరాకరించవచ్చు. ప్రజల శాంతికి, భద్రతకు అవసరమనుకున్నా నిరాకరించవచ్చు. చట్టం అయిదేళ్ళకు మూసిన తలుపు, ఈ 'ఏ కారణం చేతనైనా' అన్న మాటతో మరో పాతికేళ్ళు కూడా మూసి వుండవచ్చు. రౌడీషీటు సంగతి ఇక్కడే వస్తుంది. రౌడీషీటు పోలీసుల పుస్తకం తప్ప కోర్టు తీర్పు కాదు. 9వ సెక్షనులో దాని ఊసే లేదు. కానీ స్టేషను నివేదికలో ఆ ఒక్క ముక్క పడితే ఫైలు ముందుకు కదలడం కష్టం.

కేవలం కేసు పెండింగులో వుందన్న కారణంతో లైసెన్సు రద్దు చేయడం చెల్లదని అలహాబాద్ హైకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. తుపాకీ లైసెన్సుల తగాదాలు అక్కడ ఎక్కువ, తీర్పులూ ఎక్కువే. అదే 14వ సెక్షనులో మనవాళ్ళు గుర్తుంచుకోవలసిన మాటలు ఇంకో రెండున్నాయి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదు. రెండెకరాల మెట్ట రైతుకూ, రెండు వందల ఎకరాల భూస్వామికీ దరఖాస్తు ఒకటే. అలాగే, నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, దరఖాస్తుదారు అడిగితే క్లుప్తంగా తెలియజేయాలి. అలా తెలపడం ప్రజాహితం కాదని భావించినప్పుడే ఇందుకు మినహాయింపు. కారణం చేతికి వస్తే, 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటగా 'నీకు రాదు పో' అంటే వెనుదిరిగి వచ్చినవాడి చేతిలో అప్పీలు చేసుకోవడానికి ఏ కాగితమూ వుండదు. ఎక్కువమంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

రెండో గడప

ఇంతవరకూ చెప్పింది శిక్ష అనుభవించి వచ్చినవాడి గోడు. అదే ఊళ్ళో, అదే వీధిలో ఇంకో గడప వుంటుంది. ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకున్న గడప. కొట్టినవాడు శిక్ష తీరి వచ్చాడు, ఎదురింట్లోనే వుంటున్నాడు, రేపు భుజాన తుపాకీతో చేనికి పోతాడంటే ఆ ఇంటి ఆడవాళ్ళ గుండె ఎలా వుంటుందో చెప్పనక్కరలేదు. సీమ కక్షల్లో ఎక్కువ ప్రాణాలు తీసినవి నాటుబాంబులు, వేటకొడవళ్ళు కావచ్చు. అయినా తుపాకీ కనిపిస్తే చాలు, సాక్షి నోరు మూతపడుతుంది. పేల్చనవసరం లేదు.

లైసెన్సు ఇచ్చేముందు బాధిత కుటుంబాన్ని అడగాలని ఆయుధాల చట్టంలో ఎక్కడా లేదు. పోలీసు నివేదికలో ఆ ముక్క వుంటే వుంది, లేకుంటే లేదు. ఈ విలేఖరి దృష్టిలో అయిదేళ్ళ గడువు కంటే పెద్ద లోపం ఇదే. గట్టు తగాదాలో ఒక దెబ్బ కొట్టినవాడికి, పథకం వేసి మనిషిని నరికినవాడికి చట్టం ఒకే అయిదేళ్ళు పెట్టింది. మొదటివాడికి అది ఎక్కువ, రెండోవాడికి తక్కువ అనిపిస్తుంది. తేడా చూడవలసిన భారమంతా కలెక్టరు విచక్షణ మీద పడింది. ఆ విచక్షణకు ఆధారం స్టేషను నుంచి వచ్చే నివేదిక. ఆ నివేదిక రాసేవారికి ఊళ్ళో ఏ వర్గం దగ్గర అన్నది మళ్ళీ ఇంకో కథ.

ఇంగ్లండులో ఈ తేడా చట్టంలోనే వుంది. అక్కడి 1968 నాటి చట్టం ప్రకారం మూడేళ్ళు, అంతకు మించి శిక్ష పడినవారికి జీవితాంతం తుపాకీ నిషేధం. మూడు నెలల నుంచి మూడేళ్ళ లోపు శిక్ష అయితే విడుదల తర్వాత అయిదేళ్ళు. మన చట్టం ఆ రెండో మెట్టును పోలి వుంది, మొదటి మెట్టు మనకు లేదు.

మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు పోతున్న అమెరికాలో సంగతి వేరు. తుపాకీ పట్టడం అక్కడ రాజ్యాంగ హక్కు. అయినా 1968 చట్టం నాటి నుంచి, ఏడాదికి మించి జైలు వేయదగిన నేరం రుజువైతే ఫెడరల్ చట్టం కింద జీవితాంతం నిషేధం. నిజంగా ఎన్నాళ్ళు శిక్ష పడిందన్నది లెక్కలోకి రాదు. హక్కు తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టుకునే వీలు కాగితం మీద వుంది గాని, ఆ దరఖాస్తులు చూడడానికి డబ్బు ఇవ్వబోమని అక్కడి పార్లమెంటు 1992లో తేల్చేసింది. 2025లో న్యాయశాఖ ఆ దారి మళ్ళీ తెరవడానికి పూనుకుంది. ఈలోగా పెన్సిల్వేనియాలో ఒకాయన కోర్టుకెక్కాడు. 1995లో ఆయన చేసిన తప్పు, ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార కూపన్ల కోసం ఆదాయం తక్కువ చూపడం. దానికి ఒక్కరోజు జైలులో వుండలేదు, తుపాకీ హక్కు మాత్రం పోయింది. అప్పీలు కోర్టు 2023లో ఒకసారి, 2024 డిసెంబరులో మరోసారి ఆయన పక్షాన తీర్పు చెప్పింది. మన రేషన్ కార్డుల లెక్కకు ఆ చట్టం వర్తింపజేస్తే ఎందరికి తుపాకీ అందకుండా పోయేదో!

మన దగ్గర తుపాకీ హక్కు కాదు, అనుమతి మాత్రమే. 1931లో కరాచీ కాంగ్రెసు చేసిన తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరుడికీ వుండాలన్న మాట వుంది. 1878లో తెల్లవాళ్ళు మన చేతుల్లోంచి ఆయుధాలు లాగేసుకున్న కోపం అది. రాజ్యాంగం వచ్చేసరికి ఆ మాట హక్కుల జాబితాలోకి ఎక్కలేదు. అమెరికాలో మాదిరిగా మన రాజ్యాంగంలో అటువంటి హక్కు లేదని సుప్రీంకోర్టు 2023లో, లైసెన్సు లేని తుపాకుల కేసు విచారిస్తూ మరోసారి గుర్తుచేసింది. కాబట్టి 'నా హక్కు' అని బల్ల గుద్దడం కుదరదు. నా దరఖాస్తును చట్టప్రకారం చూడండి, కారణం చెప్పండి అని అడిగే హక్కు మాత్రం జైలుకు పోయి వచ్చినవాడికీ వుంది.

పంట తుపాకీ వేరు

పొలం కాపలాకు చట్టం చెప్పిన తుపాకీ, గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చేది. నిజంగా పంట రక్షణ కోసమే అని తేలితే దీనికి లైసెన్సు ఇవ్వాలని, అది చాలదనుకుంటే వేరే రకం ఇవ్వవచ్చునని 13వ సెక్షన్ చెబుతోంది. సొంత రక్షణకని నడుముకు కట్టుకునే పిస్తోలుకూ దీనికీ పోలిక లేదు. ఒకసారి పేలిస్తే మళ్ళీ మందు దట్టించుకోవడానికి పట్టే సమయంలో ఎదుటివాడు ఊరు దాటిపోతాడు. శిక్ష తీరి అయిదేళ్ళు దాటిన రైతు చేతికి ఏదైనా ఇవ్వదలిస్తే ఇదే ఇవ్వాలని, రాత్రికి పొలంలో, పగలు గ్రామాధికారి ఎరుకలో వుండేలా షరతు పెట్టాలని అనుభవజ్ఞులు కొందరు అంటుంటారు. మాట సబబుగానే వుంది.

లైసెన్సు వున్నా పందిని చంపడానికి అది చాలదు. అడవి పంది వన్యప్రాణి రక్షణ చట్టం కింద వున్న జంతువు. పంటకు చేటు చేస్తున్నదని అటవీ అధికారుల రాతపూర్వకమైన అనుమతి వుంటేనే కాల్చాలి. లేకపోతే పంట మిగిలినా రైతు మిగలడు. ఉత్త మందు పేల్చి బెదరగొట్టడం వరకే తుపాకీ పని.

లైసెన్సు రాదని తెలిసినవారు ఏం చేస్తున్నారన్నది అసలు ప్రమాదం. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం ఒకటి. దానికి పంది కంటే ముందు పక్క పొలం రైతో, పశువుల కాపరో బలి కావడం ఎన్ని ఊళ్ళలో చూడలేదు! నాటు తుపాకీ దొంగచాటుగా కొనడం రెండోది. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించాక లైసెన్సు లేని తుపాకీ దగ్గర దొరికితే తక్కువలో తక్కువ రెండేళ్ళు, ఎక్కువలో అయిదేళ్ళ జైలు. తయారుచేసి అమ్మినవాడికి ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. పాత శిక్ష తీరి చేను చూసుకుంటున్న మనిషి, నాలుగు బస్తాల కాయల కోసం మళ్ళీ అదే జైలు గేటు ముందు నిలబడతాడు. అదే సవరణతో ఒకరికి మూడు తుపాకుల వరకు వుండే వీలును రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. 9వ సెక్షనులోని అయిదేళ్ళ నిషేధాన్ని మాత్రం కదపలేదు.

లైసెన్సు వుండగా శిక్ష పడినవారి విషయం ఒకటి చెప్పాలి. తుపాకీ ఇంట్లో అటక మీద వుంది కదా అని ఊరుకుంటే నేరమే. ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీస్ స్టేషనులోగాని, లైసెన్సు వున్న ఆయుధాల వ్యాపారి వద్దగాని అప్పగించాలని 21వ సెక్షన్ చెబుతోంది. మనిషి జైలులో వున్నా ఇంట్లోవారు ఈ పని చేయాలి.

దరఖాస్తు ఫారంలో, ఎప్పుడైనా శిక్ష పడిందా, బాండు రాశారా అన్న ప్రశ్నలు సూటిగానే వుంటాయి. 'లేదు' అని రాయించే దళారులున్నారు. ఆ మాట నమ్మరాదు. నిజం దాచి తెచ్చుకున్న లైసెన్సును 17వ సెక్షన్ కింద ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. 'అవును' అని రాసి, తీర్పు నకలు, శిక్ష ఏ రోజున ముగిసిందో చూపే జైలు కాగితం, అప్పీలు వుంటే దాని ఫలితం, బైండోవరు గడువు తీరినట్టు తాసీల్దారు కార్యాలయం నుంచి ఒక కాగితం జతచేయాలి. జైలు కాగితం పోగొట్టుకున్నవారు, శిక్ష అనుభవించిన జైలు సూపరింటెండెంటుకు ఖైదీ నంబరు, కేసు నంబరు, కోర్టు పేరు రాసి అర్జీ పెట్టుకోవాలి. తీర్పు నకలుకు కోర్టు కాపీయింగు విభాగంలో అర్జీ ఇవ్వాలి. పాత కేసులైతే రికార్డు గదిలో వెదకడానికి రోజులు పడతాయి గనుక, ఊడలు దిగేదాకా ఆగకుండా విత్తనం పడగానే ఈ పని మొదలుపెట్టుకోవడం మేలు.